ఫొటో వెనక పేరు

బోస్టన్‌లో ఒక గ్రంథాలయం నేలమాళిగ. రాత్రి నొరీన్ ఒక్కతే పాత ఫొటోల వెనక పెన్సిలుతో పేర్లు రాస్తోంది. గుర్తుపట్టినవాళ్ల పేరు రాయాల్సిందే, అక్కడి పద్ధతి అది.

ఈ ఫొటో 1974 నాటిది. తెల్లవాళ్ల బడిలో చదవడానికి వస్తున్న నల్లజాతి పిల్లల బస్సుకు అడ్డం నిలబడ్డ తెల్లజాతి తల్లులు. మధ్యలో రాయెత్తిన మనిషి నొరీన్ వాళ్లమ్మ. "జపమాల తిప్పానే గానీ రాయి ముట్టలేదే" అనేది, పోయేదాకా.

అటుగా వచ్చిన కాపలాదారు లియోనెల్ వంగి చూసి, కనుబొమ మీది మచ్చ తడుముకున్నాడు. "ఆ బస్సులో నేనున్నా మేడమ్. ఆ రాయి పట్టుకున్నావిడ ఎవరో తెలిసిందా?"

"లేదు లియోనెల్."

అతను వెళ్లాక ఫొటో వెనక 'తెలియదు' అని రాసింది. గదిలో ఎక్కడో జపమాల పూసలు ఒక్కొక్కటే జరుగుతున్న చప్పుడు. ఫొటో తిప్పింది. అమ్మ చెయ్యి ఖాళీగా ఉంది.

రాసింది చెరిపేద్దామని రబ్బరు కోసం బల్ల మీద తడిమింది. చేతికి రాయి తగిలింది. ఇంకా వెచ్చగానే ఉంది.