ఛార్జర్ బిళ్ల

మెదడుకు సన్నగా కరెంటు పంపి ఫిట్స్ ఆపే యంత్రం తమ్ముడికి పెట్టారు. దాని బ్యాటరీ ఛాతీ పైభాగాన, చర్మం కింద ఉంటుంది. రోజూ పడుకోబోయే ముందు ఛార్జ్ చేయడం అక్క పని. మరిచిపోతే తెల్లారేలోగా ఫిట్స్ తప్పవు.

ఛార్జర్ బిళ్లకు బ్యాటరీ దొరికితే కుయ్‌మంటుంది. ఆ రాత్రి వాడి చొక్కా మీద ఎక్కడ ఆనించినా ఉలుకూ పలుకూ లేదు.

"ఎంతసేపు తడుముతావే అక్కా? నువ్వే పెట్టుకో, పోయేదేముంది!" నిద్రమత్తులో నవ్వాడు తమ్ముడు.

విసుగ్గా తన ఛాతీకి ఆనించుకుంది.

కుయ్‌మంది.

వాడి గుండీలు విప్పింది. చర్మం నున్నగా ఉంది, కోత గుర్తే లేదు. తన చర్మం కింద మాత్రం వేళ్లకు గట్టిగా ఏదో తగిలింది.

తమ్ముడు కళ్లు తెరవలేదు. గొంతులో మాత్రం నిద్రమత్తు లేదు.

"కదలకక్కా. ఛార్జ్ ఎక్కనీ."