ఆరు సిలిండర్ల మర్యాద

“ఇంజను మార్చెయ్యాలండి,” అన్నాడు మెకానిక్ అప్పాజీ, బానెట్ కింద నుంచి తల బయటికి తీసి.

పల్లంరాజు గారు నాగేశ్వరప్రసాద్ గారి వైపు చూశారు. నాగేశ్వరప్రసాద్ గారు పల్లంరాజు గారి వైపు చూశారు.

“మీ ఇష్టమండి,” అన్నారు పల్లంరాజు గారు.

“అబ్బే, నాదేముందండీ! మీరెలా అంటే అలాగే,” అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు.

అప్పాజీ తల మళ్లీ బానెట్ కిందికి వెళ్లిపోయింది. రాజమండ్రి నుంచి రావులపాలెం వచ్చి ఇదే మాట చెప్పి, ఇదే జవాబు వినడం అతనికిది నాలుగోసారి.

బండి పాత మిలటరీ లారీ. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. మొన్నటి పెద్ద వరదప్పటి నుంచీ, పల్లంరాజు గారి పెరటి గోడకీ నాగేశ్వరప్రసాద్ గారి గోడౌనుకీ మధ్య జాగాలో, నడుం లోతు గడ్డిలో పడి ఉండేది.

పల్లంరాజు గారి వాళ్లది చేపల వేట. ఇంట్లో అందరూ పడవెక్కితే ఆయనొక్కరే మిలటరీలో చేరి లారీ ఎక్కారు. ఇరవై రెండేళ్లు అచ్చం ఇలాంటి బండే నడిపి రిటైరయ్యారు. ఒకరోజు ఉండబట్టలేక దాని అద్దం తుడుస్తుంటే, ఇనుప సామాన్ల కొట్టు నడిపే నాగేశ్వరప్రసాద్ గారు అటు వచ్చారు.

“ఇంత మంచి బండిని ఎండకీ వానకీ వదిలేస్తే ఎలాగండీ?” అన్నారు పల్లంరాజు గారు బాధగా.

“నిజమేనండి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. బాగు చేద్దామంటే చెప్పండి. సామానంతా మా కొట్లోదే వాడుకుందాం.”

అంతే. ఏడాదిన్నర గడిచిపోయింది. పల్లంరాజు గారు తుప్పు గీకారు. నాగేశ్వరప్రసాద్ గారు బోల్టులూ, ఆకుపచ్చ రంగు డబ్బాలూ మోసుకొచ్చారు. నలభై ఏళ్లుగా బోల్టులు అమ్ముతున్నా, అమ్మిన బోల్టు ఎక్కడ బిగిస్తారో ఆయన ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు దగ్గరుండి చూస్తూ చిన్నపిల్లాడిలా మురిసిపోయేవారు. పొద్దున్న ఈయన ఇంటి నుంచి పెసరట్లు, సాయంత్రం ఆయన ఇంటి నుంచి చక్కెరకేళీలు. పని అరగంట, మర్యాదలు రెండు గంటలు.

“మీ మేలు మరిచిపోలేనండి,” అనేవారు పల్లంరాజు గారు చేతులు జోడించి.

“ఎంతమాట! ఆ మాట నేను కదండీ అనాలి,” అనేవారు నాగేశ్వరప్రసాద్ గారు, ఇంకాస్త పైకి జోడించి.

ఎవరికి ఎవరు సాయం చేస్తున్నారో చూసేవాళ్లకి అంతుపట్టేది కాదు.

అన్నీ కుదిరాయి. ఇంజను దగ్గరే పేచీ వచ్చింది.

“పాతది అసలు బాగవ్వదా?” అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

“అవుద్దండి. పార్టులు దొరికేసరికి ఆర్నెల్లు పడుద్ది. అయినా లీటరుకి మూడు కిలోమీటర్లు కూడా రాదు. నాకు తెలిసినచోట డీజిల్ ఇంజనుంది, కూర్చోబెట్టేద్దాం. ఏదో ఒకటి చెప్పండి బాబూ!”

“మీ ఇష్టమండి.”

“అయ్యో, మీ ఇష్టమేనండి.”

పల్లంరాజు గారికి ఉన్నది ఒక్కటే కోరిక. ఆ పాత ఇంజను ఒక్కసారి స్టార్టవ్వాలి. ఆ చప్పుడు మళ్లీ చెవిన పడాలి. దానికోసం ఆర్నెల్లు కాదు, ఆరేళ్లయినా ఆగుతారు. ఆ ముక్క పైకి అనొచ్చుగా? అనరు. నాగేశ్వరప్రసాద్ గారు వ్యాపారస్థులు, పెట్రోలు తాగే బండి వద్దనే ఉంటుంది వారికి. తను అడిగితే మొహమాటానికి సరేనంటారు. అది తప్పు కదూ.

నాగేశ్వరప్రసాద్ గారి ప్రాణమూ ఆ పాత ఇంజను మీదే ఉంది. కానీ పల్లంరాజు గారు పెన్షను మీద బతికే మనిషి. పెట్రోలు బండి ఆయనకి భారం. తను నోరు జారితే కాదనలేక నలిగిపోతారు.

ఐదోసారి వచ్చినప్పుడు అప్పాజీ సంచి సర్దేసుకున్నాడు.

“పెసరట్లు బాగున్నాయండి. జవాబే లేదు. ఇవాళ తేల్చకపోతే ఆ డీజిల్ ఇంజను యానాం వాళ్లు పట్టుకుపోతారు. నేనూ మళ్లీ రాను.”

ఇద్దరూ కంగారుపడ్డారు. ఎదుటివారిని ఇబ్బంది పెట్టకూడదని ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

“డీజిలే వేసెయ్యండి!”

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి.

గొలుసులు కట్టి పాత ఇంజనుని పైకి లేపుతుంటే పల్లంరాజు గారు అటెన్షన్లో నిలబడి సెల్యూట్ కొట్టారు. పాత ఇనుము కొనేవాడు దాన్ని మోయలేక, అక్కడే సమ్మెటతో నాలుగు ముక్కలు చేశాడు. ఒక్కో దెబ్బకీ ఇద్దరూ ఒక్కో అడుగు వెనక్కి వేశారు.

“కంట్లో ఏదో పడిందండి,” అన్నారు పల్లంరాజు గారు.

“నాక్కూడానండి,” అన్నారు నాగేశ్వరప్రసాద్ గారు.

డీజిల్ ఇంజను కూర్చుంది. లారీ కదిలింది. కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కించాలని అప్పాజీ చెబితే, ఇద్దరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని, అదే లారీలో రవాణా ఆఫీసుకి వెళ్లారు. నాగేశ్వరప్రసాద్ గారి చేతిలో సంచి. పల్లంరాజు గారి చంకలో ఫైలు.

“కాగితాలివ్వండి,” అంది కౌంటర్లో కూర్చున్న సత్యవాణి.

సంచిలోంచి కాఫీ ఫ్లాస్కు వచ్చింది. ఫైల్లోంచి పల్లంరాజు గారి మిలటరీ ఫొటో వచ్చింది. ఇద్దరూ ఒకరి చేతుల్లోకి ఒకరు ఆశగా చూశారు.

సత్యవాణి నిట్టూర్చి, ఒక ఫారం ముందుకు జరిపింది.

“అవి తర్వాత చూద్దాం లెండి. ముందు బండి ఓనరు గారు ఇక్కడ సంతకం పెట్టండి.”

“వారేనండి,” అన్నారు ఇద్దరూ, ఎంతో మర్యాదగా ఒకరినొకరు చూపిస్తూ.