మూర్ఛ కోసం కాపలా

"ఇంకా రాలేదా అమ్మా?" సిరంజి సిద్ధంగా పెట్టుకున్న నర్సు మళ్లీ అడిగింది.

తల్లి లేదన్నట్టు తల ఊపి, కాలుకాలిన పిల్లిలా గదంతా తిరిగింది.

మంచం మీద, తలనిండా వైర్లతో కూర్చున్న కూతురు నవ్వింది. "ఇన్నాళ్లూ పిలవకుండానే వచ్చేది. ఇప్పుడు మందులు ఆపి మరీ పిలుస్తుంటే బెట్టు చేస్తోందమ్మా."

తల్లికి నవ్వు రాలేదు. చూడటానికి వచ్చిన డాక్టరును నిలదీసింది. "ఎమ్మారై తీశారు, పెట్ స్కాన్ తీశారు. మళ్లీ ఇదెందుకండీ?"

"ఎమ్మారైలో మెదడు ఆకారం తెలుస్తుందమ్మా. అందులో మచ్చ ఏదీ లేదు. పెట్‌లో కుడిపక్క మందకొడిగా ఉందని తెలిసింది గానీ, కచ్చితమైన చోటు దొరకలేదు. ఫిట్స్ మొదలవగానే ఈ ఇంజెక్షన్ ఇచ్చి స్కాన్ తీస్తే ఆ చోటు బయటపడొచ్చు. అప్పుడే ఆపరేషన్ సంగతి ఆలోచించగలం. దొంగను ఇంట్లో ఉండగానే పట్టుకోవాలి కదా."

డాక్టరు వెళ్లాక కూతురు ఏదో చెప్పబోయి ఆగిపోయింది. చూపు నిలిచిపోయింది. పెదవులు చప్పరించసాగింది.

నర్సు సూది అందుకుంది. తల్లి చెయ్యి అలవాటుగా తలుపు మీదికి పోయింది. ఫిట్స్ వస్తే తలుపు మూసి, పరాయి కంట పడకుండా పిల్లను దాచుకోవడమే ఇన్నేళ్లుగా ఆమెకు తెలిసిన వైద్యం.

ఆ చేత్తోనే తలుపు బార్లా తెరిచింది. "డాక్టరుగారూ, వచ్చింది. రండి, చూడండి."

క్షణాల్లో మంచం చుట్టూ జనం చేరారు. తల్లి గోడకు ఒదిగి దారి ఇచ్చింది.

"సమయానికే ఇచ్చానమ్మా," అంది నర్సు. "తలుపు వెయ్యమంటారా? వరండాలో అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వమ్మా," అంది తల్లి.