తువ్వాలు కింద మాట

"రంగు వెలిసింది" అన్నాడు వెంకటనారాయణ, మొదటి గోడ ముందు నిలబడి.

పదిమంది ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్న బొమ్మ అది. ఆ గోడ పక్కనుంచి వెళితే తుమ్ములొస్తాయని బ్రాడీపేటలో ఇప్పటికీ హాస్యమాడతారు.

వెంకటనారాయణ గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళుగా కమిషన్ వ్యాపారి. కొత్తగా కట్టిన కోల్డ్ స్టోరేజీ గోడకు బొమ్మలు వేయించాలని, ఈ గోడ మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తింది మహిమ. ఊళ్ళో ఉన్న నాలుగు గోడలూ చూపించమన్నాడు. ఆటో వద్దు, నడుద్దామన్నాడు. బండి దిగకుండా సరుకు చూసేవాణ్ణి ఆయన వ్యాపారి కింద లెక్కపెట్టడు.

షరతు మాత్రం ఒకటే పెట్టాడు.

"ఇవి వేసిన మనిషే కావాలి. వేరేవాళ్ళు వద్దు. గోడలు చూశాక ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్ళు."

"ముందు చూడండి సార్" అంది మహిమ. ఆమెకు ఈ పని కావాలి. మూడు నెలలుగా చేతిలో ఒక్క గోడ లేదు.

యార్డులో పాతకాలం వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. నచ్చని సరుకు దగ్గర ఆగరు. నచ్చిన సరుకును మెచ్చుకోరు. మెచ్చుకుంటే ధర పెరుగుతుంది. తాలు ఎక్కువ, తేమ ఉంది అని పదిమందిలో పెదవి విరుస్తూనే, తువ్వాలు కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుని అసలు ధర చెబుతారు. అయిదు వేళ్ళూ పట్టుకుంటే అడిగినంతా ఇచ్చినట్టే. ఇప్పుడు వేలం కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. వెంకటనారాయణ నోరు మాత్రం మారలేదు. యార్డులో ఏ నోరో, ఇంట్లోనూ అదే నోరు.

రెండో గోడ మీద పిడుగురాళ్ల సున్నపు బట్టీ కూలీ. కనురెప్పల దాకా తెలుపు. ఆయన బొమ్మ వదిలేసి, వంగి కింది మూల చూశాడు. అక్కడ సంతకానికి బదులు ఎర్రటి అరచేతి అచ్చు ఉంది.

"ఇదేం సంతకం? చిటికెనవేలు పక్కకి తిరిగింది. అచ్చు కూడా తిన్నగా వెయ్యలేదు."

"అచ్చు తప్పు కాదండి. అక్క వేలే అంత."

"సొంత అక్కా?"

"కాదండి. ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆమె గీసేది, నేను రంగులు కలిపేదాన్ని."

ఆయన జేబురుమాలుతో అచ్చు మీద దుమ్ము తుడిచాడు. పద అన్నాడు.

కొత్త వంతెన పనులతో దారి సగానికి సగం అయింది. తవ్విన గుంతల పక్కన, నిలబెట్టిన ఇనుప రేకుల వెంట జనం ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. మూడో గోడ ఆ రేకుల చివర ఉంది. చేలో పత్తి తీస్తున్న ముసలమ్మ, వెనక ఆకాశం.

"పత్తి మరీ తెల్లగా ఉంది. ఏ చేలో చూసిందట అంత తెలుపు?"

మహిమ ఇక ఆగలేకపోయింది. "ఇన్ని వంకలు పెట్టేవాళ్ళు, ఆమే కావాలని పట్టుబడతారేంటి సార్?"

"నీకెందుకు? మనిషెక్కడుందో చెప్పు."

"లేదండి." మహిమ తల దించుకుంది. "ఆగస్టులో డెంగీ వచ్చింది. నాలుగు రోజులే. ముందే చెబితే పని పోతుందని చెప్పలేదు. తప్పు నాదే."

వెంకటనారాయణ ఇనుప రేకు పట్టుకున్నాడు. దాని మీద 'పనులు జరుగుచున్నవి' అని రాసి ఉంది. చాలాసేపు అదే చదివాడు.

"ఎంతమంది వచ్చారు?"

"దేనికండి?"

"మట్టికి."

"పదకొండు మందిమి. ఇంటివాళ్ళ ఊసెప్పుడూ ఎత్తేది కాదు. కబురెవరికి చెయ్యాలి? మా పాస్టరు గారే ప్రార్థన చేశారు."

"పదకొండు" అన్నాడాయన. మళ్ళీ అదే అన్నాడు.

చావుకు కూడా తలలు లెక్కపెట్టే మనిషి అనుకుంది మహిమ. ఇక పని రాదని ఆమెకు తేలిపోయింది.

"నాలుగోది?"

"ఇంకెందుకండి? దాన్ని రేపు కొట్టేస్తారు. వంతెన స్తంభం అక్కడే వస్తుంది."

"అయితే ఇవాళే చూడాలి."

నాలుగో గోడ అప్పటికే ఒకవైపు కూలి ఉంది. మిగిలిన సగంలో మిర్చి యార్డు. ఎర్రటి రాశుల మధ్య ఇద్దరు మనుషులు. ఇద్దరి చేతులూ తువ్వాలు కింద ఉన్నాయి. అందులో పెద్దాయన మొహం చేదు మింగినట్టు ఉంది.

ఈసారి వెంకటనారాయణ వంక పెట్టలేదు.

"ఆ మొహం అట్లా చిరాగ్గా వేశావేంటక్కా అని అడిగానండి" అంది మహిమ. "నవ్వింది. 'ఆయనకి సరుకు ప్రాణంగా నచ్చిందే పిచ్చిపిల్లా. మొహం కాదు, తువ్వాలు చూడు' అంది. నాకేం అర్థం కాలేదు."

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"రేపొచ్చి పని మొదలుపెట్టు."

మహిమ నమ్మలేనట్టు చూసింది. "నేనా? ఏం వెయ్యమంటారండి?"

"ఈ నాలుగే. వంకలతో సహా."

ఆ మాట అని, వెంకటనారాయణ సిమెంటు దుమ్ములో గొంతుక్కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీసి, గోడ మూలనున్న అరచేతి అచ్చు మీద ఎడమచేత్తో పట్టి ఉంచాడు. కుడిచెయ్యి దాని కిందికి పోనిచ్చి, వేలికి వేలు ఆనించుకుంటూ పోయాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు. చిటికెనవేలి దగ్గర ఆగిపోయాడు.

ఏడేళ్ళప్పుడు కొట్లో కాటా కింద నలిగి ఆ వేలు అలా తిరిగిపోయినప్పుడు, కట్టు విప్పేదాకా నెల రోజులు కూతురికి అన్నం కలిపి తినిపించింది ఆయనే.