వాసన రాని ఆదివారం

"ఇయ్యాల కోడి వండుతలేవా?" సుగుణమ్మ మళ్లీ వంటింట్లోకి వచ్చింది.

"వండుతున్నాను అత్తయ్యా," అంటూనే హిమజ గాభరాగా ఓవెన్ అద్దంలోంచి చూసింది. లోపల కోడికూర సంచి బూరెలా ఉబ్బి ఉంది. మామగారు పోయినప్పటి నుంచి అత్తగారు నీసు ముట్టదు. ఆమెకు వాసన సోకకూడదనే, వేడికి కరగని ఈ సంచుల్ని కోదాడ పిల్ల హిమజ పట్టుబట్టి తెప్పించింది. మూతి గట్టిగానే కట్టిందే! ఎక్కడన్నా చిల్లు పడిందా?

సుగుణమ్మ వరండాలోకి పోయి కూర్చుంది. కూర్చున్నట్టే కూర్చుని లేచింది. కిటికీ తెరిచింది, మూసింది. కొంగు దులుపుకుంటూ మళ్లీ వంటింటికే వచ్చింది.

హిమజకు ఏడుపొక్కటే తక్కువ. "వాసనొస్తోందా అత్తయ్యా?"

"ఏడొస్తున్నది? ఊరవతల మిల్లుల వడ్లుడికే వాసన గీడిదాంక వస్తున్నది. మనింట్ల కూర వాసనే వస్తలేదు."

"రాకూడదనేగా ఈ సంచి! మీకు ఇబ్బందని..."

"నాకు ఇబ్బందని నీకెవలు జెప్పిన్రు?" సుగుణమ్మ గొంతు లేచింది. అంతలోనే మొహం పక్కకు తిప్పుకుంది. "తినుడు ఇడిసిపెట్టిన గని, వాసన సూసుడు ఇడిసిపెడతనన్ననా బిడ్డా?"

హిమజ ఓవెన్ ఆపి, సంచిని పళ్లెంలో పెట్టి, కత్తెర తెచ్చి అత్తగారి చేతికిచ్చింది.

సుగుణమ్మ సంచి మూతి కత్తిరించింది. ఆవిరి గుప్పుమంది. కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చుకుంది.

"ధనియాలు తక్కువేసినవ్," అంది.