అమ్మ అనని తిట్టు

“ఈ తిట్టు ఇక్కడ పడదమ్మా,” అన్నాడు ప్రూఫులు దిద్దే ముసలాయన.

అనువాదకురాలికి ఒళ్ళు మండింది.

తిట్ల విషయంలో ఆమెని వేలెత్తి చూపినవాడు ఇంతవరకు లేడు. స్నేహితులు ఆమెని ‘తిట్ల టీచరమ్మ’ అనే పిలుస్తారు. గని కూలీల మీద రాసిన ఈ పరాయి భాష నవల కోసం రెండేళ్ళు కూర్చుని, కోపం తిట్లు, ముద్దు తిట్లు, ఊతపదాలు అంటూ పెద్ద పట్టికే తయారుచేసింది. నవలలో కూలివాడి తల్లికి నోరు పెద్దది. ఆ నోరు సరిగ్గా పలికితేనే పుస్తకం నిలుస్తుంది.

“ఏ తిట్టండీ?”

“కొడుకు మూడు రోజులు గనిలో ఇరుక్కుని బతికొచ్చాడు. తల్లి ఎదురెళ్ళి ‘చచ్చినోడా’ అంటోంది.”

“అది ముద్దు తిట్టు. మా అమ్మ మా తమ్ముణ్ణి రోజుకి పదిసార్లు అంటుంది.”

“ఏ రోజైనా అంటుంది. ఆ రోజు మాత్రం అనదు. మూడు రోజులుగా ఆ మాట తలుచుకునే కదా వణికిపోయింది! ‘దొంగ వెధవా’ అనిపించండి, చాలు.”

“నా పట్టిక ప్రకారం సరిపోయేది ఇదే.”

“పట్టిక మీది. కొడుకు ఆవిడ కొడుకు.”

ఆమె ఆయన పెన్సిల్ గీత చెరిపేసింది. అంతటితో ఊరుకోక ప్రచురణకర్తకి ఫోన్ చేసి, “ఆయన్ని అచ్చుతప్పులు చూసుకోమనండి,” అని కడిగేసింది. ముసలాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

పుస్తకం వచ్చింది. తొలి ప్రతి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ ఒక్కో తిట్టుకీ పొట్ట పట్టుకుని నవ్వింది. గని పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

“ఇదేంటే? బతికొచ్చిన బిడ్డని ఆ మాటనడానికి నోరెలా వచ్చింది దానికి?”

“నువ్వు తమ్ముణ్ణి అనవూ?”

“వాడికి టైఫాయిడ్ వచ్చిన నెలంతా ఒక్కసారైనా అన్నానా?”

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటికప్పుడు చెప్పులేసుకుని ప్రచురణకర్త ఆఫీసుకి పరిగెత్తింది.

“రెండో ముద్రణలో మార్చేద్దాం. ఆయన్ని పిలిపించండి. ప్రతి తిట్టూ ఆయన పక్కన కూర్చుని చూసుకుంటాను.”

“ఆయన పోయి పది రోజులైందమ్మా. మీ పుస్తకం ప్రూఫులు తానే చూస్తానని మా ఇంటికొచ్చి మరీ అడిగారు.”

“నా పుస్తకమే ఎందుకు? అసలెవరాయన?”

“ముప్పై ఏళ్ళ క్రితం ఇదే నవలని ఇంకొకరు అనువదిస్తే, కన్నతల్లి నోట ఇలాంటి మాటలా అని ఒక్క తిట్టూ మిగలకుండా కొట్టేసిన సెన్సారు అధికారి.”