చివరి గుక్క

"తాగండి గురువుగారూ! పనికిరాడని మీరు గెంటేసినవాడు చేసిన టీ ఇది" అంటూ కునిహికో, తన టీ గురువు హిసనో గుమ్మానికెదురుగా పంతంకొద్దీ పెట్టించిన సీసాలమ్మే యంత్రంలో నాణేలు వేసి, ఖరీదైన మచ్చా టీ సీసా తీసిచ్చాడు.

జపాను టీ మర్యాదలో, నచ్చిన టీ చివరి గుక్కను చప్పుడయ్యేలా జుర్రాలి; అదే మెచ్చుకోలు. పదేళ్ల శిష్యరికంలో అతనిచ్చిన గిన్నెలో టీని హిసనో ఒక్కనాడూ జుర్రలేదు. ఇవాళ ఆ చప్పుడు వినే కదలాలనుకున్నాడు.

ఆమె మూత తిప్పగానే అందులోని పచ్చటి పొడి నీళ్లలోకి రాలింది. గిలక్కొట్టి, ఆఖరి చుక్కదాకా నిశ్శబ్దంగా తాగింది.

"ఇదీ నచ్చలేదా?" పళ్లు నూరాడు.

"చాలా బాగుంది నాయనా. జుర్రుదామనే చూశాను" అంటూ ఖాళీ సీసా అతని చేతిలో పెట్టింది. "దీని మూతి ఇరుకు. చప్పుడు రానిస్తేగా!"